గుర్తు నడిమధ్యన పడిందన్నాను

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం నేను ఒక మాట అన్నాను. మూడు నాలుగు పదాల మాట. అనడానికి క్షణం కూడా పట్టలేదు. మోయడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు దించుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. నరసాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉన్న మెకానిక్కుని, యాభై దాటినవాణ్ణి. అంతవరకూ చాలు. నా పేరు తెలియాల్సిన వాళ్ళకి నోటితోనే చెప్పాను. ఎవరికి చెప్పానో, వాళ్ళేమన్నారో చివర్లో రాస్తాను. ముందు చేసిన పని రాయాలి. అది దాటేసి మిగతాది చెబితే మళ్ళీ తప్పించుకున్నట్టే. తప్పించుకోవడం నాకు బాగా అలవాటు.

నాకు పని నేర్పినాయన వీర్రాజు గారు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. వయసులో ఉండగా సామర్లకోటలో ఫిట్టరుగా చేసి, తర్వాత నరసాపురం వచ్చి షెడ్డు పెట్టుకున్నారు. ఇంజను పని చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉండేవాళ్ళు. కారు వెనక ఇరుసులో గేర్లు ఎక్కించే పనికి మాత్రం అందరూ ఆయన దగ్గరికే పంపేవారు. పాత కార్లు, జీపులు, వ్యాన్లు. భీమవరం నుంచి కూడా వచ్చేవి.

ఆ పని ఏమిటో కాస్త చెప్పాలి. లేకపోతే నా తప్పు ఎంతటిదో మీకు తెలియదు.

వెనక చక్రాలతో నడిచే కారులో ఇరుసుకి నడుమ గుమ్మడికాయంత ఇనప గూడు ఉంటుంది. అందులో రెండు పళ్ళచక్రాలు. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. ఇంజను బలమంతా చిన్నదాని పళ్ళ మీదుగా పెద్దదానికి, అక్కణ్ణుంచి చక్రాలకి పోతుంది. ఆ రెండూ ఎంత లోతుగా కలవాలి, మధ్య ఎంత సందు ఉండాలి అన్నదే పనంతా. పినియన్ వెనక కాగితం మందాన ఉండే ఇనప వలయాలు వేసి దాన్ని ముందుకో వెనక్కో జరుపుతాం. షిమ్ములంటాం వాటిని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పళ్ళు సరైన చోట ఆనవు. ముందు ఊళ వేస్తాయి. తర్వాత అరుగుతాయి. ఆ తర్వాత ఒకరోజు విరుగుతాయి.

సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడటానికి పళ్ళకి రంగు పూసి తిప్పుతారు. ఆ పనికి నీలం ముద్ద డబ్బాల్లో దొరుకుతుంది. బాబాయ్ అది కొనేవారు కాదు. ఆంజనేయస్వామికి పూసే సింధూరాన్ని గేరాయిలులో కలిపి, క్రౌన్ పళ్ళు నాలుగింటికి వేలితో రాసేవారు. షెడ్డులో స్వామి పటం కింద ఒక సత్తు డబ్బా ఉండేది. పూజకీ పనికీ అదే డబ్బా. సింధూరం రాసి చక్రం తిప్పితే, పినియన్ ఆనిన చోట రంగు చెదిరి ఇనుము మెరుస్తుంది. అదే గుర్తు. అది పంటికి నడిమధ్యన పడాలి. కొసకి పడినా తప్పే, మొదట్లో పడినా తప్పే. పడకపోతే మొత్తం విప్పాలి. బేరింగు పీకాలి, షిమ్ము మార్చాలి, మళ్ళీ బిగించాలి, మళ్ళీ పూయాలి. ఒక్కోసారి నాలుగుసార్లు. ఆయన విసుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. గుర్తు చూసి "విప్పరా" అనేవారు, మంచినీళ్ళు ఇవ్వరా అన్నంత మామూలుగా.

ఆ ఏడాది ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఆయన భార్య సుభద్రమ్మ పిన్ని ఆపరేషన్ చేయించుకోమని పోరుతూనే ఉండేది. ఎండలు తగ్గనీ అనేవారు, వానలు వెళ్ళనీ అనేవారు. కత్తి కంటి దగ్గరికి వస్తుందంటే ఆయనకి భయం. నట్టు బిగువు చేతితో తెలుసుకునేవారు. గేరు రొద చెవితో పట్టేవారు. సింధూరం గుర్తు ఒక్కటే చేతికీ చెవికీ అందదు. దానికి కన్ను కావాలి. ఆ కన్ను నేనయ్యాను. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు, ఆయన దగ్గర చేరి పదమూడేళ్ళు. "గుర్తు ఎలా పడిందిరా?" అని ఆయన అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. ఆయనకి అంతగా చూపు లేదని బయట ఎవరికీ తెలియదు, అనుమానాలు తప్ప.

ఆయన నన్ను నమ్మారని నాకు సంతోషంగా ఉండేదా? ఉండేది. కానీ ఆ సంతోషంలో మరొకటి కలిసి ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. నేను లేకపోతే ఆయన పని నడవదన్న మాట నాకు లోలోపల తియ్యగా ఉండేది.

కొండయ్యది రేవు అవతలి ఊరు. వాళ్ళది తాతలనాటి నుంచీ గోదావరి మీద, సముద్రం మీద వేట. ఇతను మాత్రం పడవ, వలలు అమ్మేసి ఒక పాత తెల్ల కారు కొనుక్కుని కిరాయికి తిప్పేవాడు. పడవకి రాసినట్టే కారు ముక్కుకి పసుపు రాసేవాడు. ఇల్లంతా ఆ కారు మీదే నడిచేది. దానికి క్రౌనూ పినియనూ అరిగిపోతే కొత్త జత తెచ్చాడు. రెండు రోజులు మా షెడ్డు ముందు పాత టైరు మీద కూర్చుని మేం పని చేస్తుంటే చూస్తూ కబుర్లు చెప్పాడు. మర్నాడు తెల్లవారుతూనే ఒక కుటుంబాన్ని ద్రాక్షారామం తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

అప్పటికి రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పాం. మూడోసారి బిగిస్తున్నాను. బాబాయ్ ఇంటికి అన్నానికి వెళ్ళారు. కొండయ్య నా పక్కకొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"పేరు బాబాయ్‌ది గానీ చెయ్యంతా నీదే కదన్నా. మాకు తెలీదేంటి?"

కాదనాలి. అనలేదు. నవ్వాను. "సాయంత్రానికి కారు నీ చేతిలో పెడతా, పో" అన్నాను. చూశారా, తప్పు అక్కడే మొదలైంది. గుర్తు పడకముందే పడుతుందని మాట ఇచ్చేశాను, నాది కాని పేరుని జేబులో వేసుకుని.

నాలుగు గంటలకి సింధూరం పూసి తిప్పాను. టార్చిలైటు వేసి చూశాను. నాలుగు పళ్ళ మీదా కొసకి పడింది. సన్నగా, గోరుతో గీరినట్టు. ఇంకొక్క షిమ్ము వేయాలి. అంటే బేరింగు పీకాలి. దాన్ని పీకే ప్రెస్సు మా దగ్గర లేదు, లేతు షాపుకి మోసుకెళ్ళాలి. మర్నాడు మధ్యాహ్నం దాకా పని. అంతే. ఒక పూట పని. దాన్ని తప్పించుకోవడానికి పద్దెనిమిదేళ్ళు ఇచ్చాను.

బాబాయ్ వచ్చి నా వెనక నిలబడ్డారు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నారు. కొండయ్య గుమ్మంలోనే ఉన్నాడు, వింటున్నాడు.

"ఎలా పడిందిరా గుర్తు?"

"నడిమధ్యన పడింది బాబాయ్."

"కొసకి పోలేదు కదా?"

"లేదండీ. అచ్చం బొట్టు పెట్టినట్టు పడింది."

ఆయన మొహం విప్పారింది. కొండయ్య వైపు తిరిగి, "అయితే నీ కారుకి పెళ్ళికళ వచ్చేసిందిరా కొండయ్యా. ఇక ఊరేగించుకో" అన్నారు. ముగ్గురం నవ్వాం.

ఇప్పటికీ నన్ను ఎక్కువ తినేది ఆ బొట్టు మాట. అబద్ధం ఆడితే ఆడాను. దానికి అలంకారం ఎందుకు చేశాను? ఆయన రెండోసారి అడిగారు. అడిగినప్పుడు నాకు దారి ఇచ్చినట్టే కదా. "ఉండండి బాబాయ్, మళ్ళీ చూస్తాను" అనొచ్చు. అనే బదులు ఇంకా అందంగా అబద్ధం చెప్పాను. అలసిపోయి అన్నానా? నేను అలసిపోలేదు. కొండయ్య ముందు ఆ ఒక్క మాట, విప్పరా అన్న మాట, మళ్ళీ వినడం ఇష్టం లేకపోయింది. ఇంకా లోపలికి వెళితే అక్కడ మరొకటి కనబడుతుంది. చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఆయనకి కనబడదు కనుక చెప్పగలిగాను. చెప్పగలనా లేదా అని చూశాను. చెప్పగలిగాను.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటు అని పిలుచుకునేవాణ్ణేమో. ఆగలేదు.

ఆయిలు పోసి, నేనొక్కణ్ణే కారు తీసి కాలవ గట్టు మీద నడిపాను. వేగం పెరిగేసరికి వెనక నుంచి సన్నటి ఊళ. ఆయన చెవికి అది అరక్షణంలో అందుతుంది. పని అప్పజెప్పే ముందు ఆయన వెనక సీటులో కూర్చుని, కాలవ లాకుల దాకా వెళ్ళి వచ్చేవరకూ వినడం రివాజు. అప్పుడు ఆయన ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. పాత బండ్లు అమ్మే బేరగాళ్ళు ఊళ వినపడకుండా బాగా మగ్గిన అరటిపండ్లు పిసికి గేరాయిలులో వేస్తారట. కొన్నాళ్ళు గొంతు నొక్కేస్తుంది. "ఆయిలు వాసన చూస్తే దొరికిపోతారురా దొంగనాయాళ్ళు" అని ఆయన చెప్పి నవ్వారు. జాగ్రత్తగా ఉండమని చెప్పిన దాన్ని నేను పనితనంగా వాడుకున్నాను.

రోడ్డు పక్క బండి మీద తొక్క నల్లబడిన చక్కెరకేళీలు అరడజను కొన్నాను. చెట్టు చాటున కారు ఆపి, పిసికి, గూడుకి ఆయిలు పోసే కన్నంలోంచి లోపలికి తోశాను. చేతులు కాలవలో కడుక్కున్నాను. మళ్ళీ నడిపితే ఊళ లేదు.

బాబాయ్ వెనక సీటులో కూర్చున్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. లాకుల దాకా వెళ్ళి వచ్చాం. దిగుతూ నా భుజం తట్టి, "బాగుందిరా" అన్నారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఆ భుజం మీద తెలుస్తూనే ఉంది.

నెలన్నర నడిచింది. ఆ నెలన్నరలో కొండయ్య కారు ఎన్నిసార్లు షెడ్డు ముందు నుంచి వెళ్ళిందో అన్నిసార్లు ఏదో ఒక పని ఉన్నట్టు లోపలికి పోయాను. అప్పటికైనా పిలిచి, "ఒకసారి విప్పి చూద్దాం" అనొచ్చు. కారణం ఏదైనా చెప్పొచ్చు. అబద్ధం చెప్పడం చేతకానివాణ్ణేమీ కాదు కదా. అదీ చెయ్యలేదు.

ద్రాక్షారామం నుంచి మరో కుటుంబాన్ని తీసుకొస్తుండగా విరిగింది. పళ్ళు విరిగి మధ్యలో పడి, వెనక చక్రాలు ఒక్కసారి పట్టేశాయి. కారు గట్టు మీద అడ్డం తిరిగి, వెనక చక్రం ఒకటి కాలవ అంచున గాలిలో నిలిచింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, ముగ్గురు పిల్లలు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదని. అది నా గొప్ప కాదు. అక్కడ గట్టు మరో మూరెడు వెడల్పు ఉంది, అంతే.

కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చారు. పదిమంది పోగయ్యారు. బాబాయ్ తనే కింద దూరి గూడు బిరడా విప్పారు. ఆయిలు నల్లగా కారింది. వేలు ముంచారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

కాలిన ఆయిలు వాసన అందరికీ తెలుసు. ఇది వేరు. మాడిన పాకంలా, తియ్యగా. మూడడుగుల దూరంలో నిలబడ్డ నాకే వచ్చింది. ఆయన ముక్కు దగ్గర వేలు అలాగే ఉంది. తర్వాత గుడ్డతో వేలు తుడుచుకుని, ఒక్కొక్క వేలూ తుడుచుకుని, బయటికొచ్చి నిలబడ్డారు. నా వైపు చూడలేదు.

కొండయ్య ముందుకొచ్చాడు. రోజూ బాబాయ్ అని పిలిచేవాడు ఆవేళ పేరు పెట్టి పిలిచాడు.

"కళ్ళు కనపట్టం లేదని ముందే చెబితే నేనింకో షెడ్డుకి పోయేవాణ్ణి కదా వీర్రాజు గారూ. పిల్లలున్నారండి కార్లో. కాలవలో పడుంటే ఎవరిదండి జవాబు?"

"తప్పు నాదే కొండయ్యా. గుర్తు నేను చూసుకోవాల్సింది."

అంతే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో స్పానర్ ఉంది. నోరు ఉంది. నిలబడ్డాను.

ఆయనకి తెలుసు. ఆ వాసన ఏమిటో తెలియకపోవడానికి ఆయన ఆయన కాకుండా పోవాలి. తెలిసి, పదిమందిలో నా పేరు ఎత్తలేదు. నన్ను కాపాడారా? లేక నా అంతట నేనే ముందుకొస్తానని చోటు వదిలారా? ఈ రెండో ఆలోచన వచ్చిన రాత్రి నుంచి నాకు సుఖంగా నిద్ర లేదు. ఆయన వదిలిన చోటు అలాగే ఖాళీగా ఉండిపోయింది.

వీర్రాజుకి చూపు పోయిందట అన్న మాట వారం తిరక్కుండా రేవు దాటింది. ఇరుసు పని ఎవరూ తేవడం మానేశారు. ఆర్నెల్లకి ఆయన షెడ్డు ఖాళీ చేశారు. పిన్ని ఎప్పుడో తోచుబాటుకి అల్లే లేసు కూలికి రోజంతా అల్లడం మొదలుపెట్టింది. నేను ఈ రోడ్డు మీద షెడ్డు వేసుకున్నాను. ఆయన దగ్గరికి వెళ్ళాల్సిన కార్లన్నీ నా దగ్గరికి వచ్చాయి.

షెడ్డు ఖాళీ చేసిన రోజు ఆయన తన డయల్ గేజి నాకిచ్చారు. పళ్ళ మధ్య సందు కొలిచే పరికరం, గడియారంలా ముల్లు ఉంటుంది. సామర్లకోట రోజుల నాటిది, చెక్కపెట్టెలో మెత్తటి గుడ్డ మీద ఉండేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. "నాకెలాగూ ముల్లు కనపడదు, నువ్వుంచుకో" అన్నారు. తర్వాత, "అది చెప్పింది చెప్పినట్టు నమ్మురా. దానికి మొహమాటం లేదు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. అలా అనుకుంటాను గానీ, పడేవాణ్ణని నాకు నమ్మకం లేదు.

విరిగిన క్రౌన్ చక్రం నా దగ్గర ఉండిపోయింది. ఇనుము దాచుకోదు, పళ్ళు ఎక్కడ ఆని అరిగాయో చూసేవాడికి చెబుతుంది. ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నారని తెలిసిన రోజు దాన్ని గోనెసంచిలో చుట్టి, సఖినేటిపల్లి వెళ్ళే పంటు పడవ ఎక్కి, నడి గోదావరిలో వదిలేశాను. చూపు వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని ఆయన ఒకసారి నా షెడ్డుకి వచ్చారు. సామాన్లన్నీ తిరిగి చూశారు. టీ తాగారు. ఆ చక్రం ఎక్కడుందని మాత్రం అడగలేదు.

మూడేళ్ళ కిందట ఆయన పోయారు. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. జనం నన్ను చూసి కొడుకులాంటివాడు అన్నారు. ఇంతకన్నా రాయలేను.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? పోయిన నెల జరిగిన దాని వల్ల. పెద్ద సంగతేమీ కాదు.

నా షెడ్డులో సూరిబాబు అని ఒక పనివాడు ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు, మాటకారి కాదు. ఒక పాత జీపుకి వెనక గేర్లు ఎక్కిస్తున్నాం. నాకూ ఈమధ్య దగ్గర చూపు తగ్గింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను. సింధూరం పూసి అతను తిప్పాడు. జీపు ఆసామి మా తల మీదే నిలబడి ఉన్నాడు, పొద్దుటి నుంచీ తొందర పెడుతున్నాడు. నేను అడిగాను.

"ఎలా పడింది సూరిబాబూ?"

ఆ ప్రశ్నకి ఈ వైపున నేనెప్పుడూ నిలబడలేదు.

"బాలేదన్నా. కొసకి పోయింది. విప్పాలి" అన్నాడు అతను, ముక్కు తుడుచుకుంటూ.

జీపు ఆసామి "ఛ, మళ్ళీనా! మీ గేర్లకి ఓ దండం" అని, టీ తాగడానికి పోయాడు. సూరిబాబు స్పానర్ అందుకున్నాడు.

అంతే. అంతే జరిగింది. ఆకాశం విరిగి పడలేదు. ఒక మనిషి విసుక్కుని టీకి వెళ్ళాడు. ఆవేళ నేను ఆ మాట అనుంటే జరిగేది అంతే. పద్దెనిమిదేళ్ళుగా దేన్ని చూసి భయపడ్డానో అది ఇంత చిన్నది. నేను టైరు మీద కూలబడి ఏడ్చాను. సూరిబాబు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. గ్లాసు పట్టుకునే అతనికి మొత్తం చెప్పేశాను. మొదట విన్నవాడు అతనే.

అతను గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "పిన్నిగారున్నారు కదన్నా" అన్నాడు.

వెళ్ళాను. పిన్ని వరండాలో కూర్చుని లేసు అల్లుతోంది. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను, గుర్తు దగ్గర్నుంచి చక్కెరకేళీ దాకా, గోదావరిలో పారేసిన చక్రం దాకా. ఆవిడ కొక్కెం ఆపలేదు. నేను ముగించాక, "వరస తప్పింది" అని, దారం లాగి అల్లినదంతా తప్పు పడిన చోటు దాకా విప్పేసింది. కొంచెంసేపు ఆ దారం చేతిలో పెట్టుకుని చూసింది.

"నాకు చెప్పి ఏం చేస్తావురా? ఆయన తప్పు చేశారని నేనెప్పుడనుకున్నాను గనక? అనుకున్నవాళ్ళకి చెప్పు."

"ఆయనకి తెలుసా పిన్నీ?"

"అది ఆయన్ని అడగాల్సింది."

మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది.

మర్నాడు పంటు ఎక్కాను. నడి గోదావరిలో, ఇక్కడే ఎక్కడో వదిలానని నీళ్ళు చూశాను. నీళ్ళకేం తెలుస్తుంది. అవతల రేవు దిగి కొండయ్య ఇల్లు కనుక్కున్నాను. జుట్టు నెరిసింది. ఇప్పుడు వేరే కారు. వాకిట్లో నిలబడే చెప్పాను. కూర్చుంటే సగంలో ఆపేస్తానేమోనని.

అప్పట్లో నన్ను అన్నా, నువ్వు అనేవాడు. ఇప్పుడు అండి అన్నాడు. ఆ అండీలో ఎంత దూరం ఉందో రేవు దాటి వచ్చినవాణ్ణి నాకు తెలుసు.

"ఆయన ఎదురుపడితే నేను తల తిప్పుకునేవాణ్ణండి. సంతలో ఓసారి నవ్వుతూ దగ్గరికొచ్చారు. పక్కసందులోకి పోయాను. పోయినప్పుడు కూడా రాలేదండి. పంటు ఎక్కితే పావుగంట. రాలేదు."

"తప్పు నాది కొండయ్యా."

"తెలిసిందిగా. నన్నేం చెయ్యమంటారిప్పుడు? నేను ఆయన్ని ఎన్నిచోట్ల అన్నానో నాకే గుర్తు లేదు. కార్ల స్టాండులో, రేవులో, పెళ్ళిళ్ళలో. అన్నిచోట్లకీ ఎవరు తిరుగుతారండి?"

"నేను తిరుగుతాను."

"తిరగండి మరి" అని లోపలికి వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమని అనలేదు. మా వైపు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఆ మాట అనకుండా పంపడమంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి తెలుసు. నాకు తగిందే.

తిరుగుతున్నాను. కార్ల స్టాండులో చెప్పాను. లేతు షాపులో చెప్పాను. రేవులో టీ కొట్టు దగ్గర, బెంచీ మీద ఉన్న అయిదుగురికి చెప్పాను. కొందరికి వీర్రాజు గారు గుర్తే లేరు. ఒకాయన, "ఎప్పటి గొడవండి బాబూ" అన్నాడు. ఒక పాత డ్రైవరు మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఆయన చేతిని అనుమానించామండి మేం" అని తలవంచుకున్నాడు. నా దగ్గరికి రెండు బండ్లు రావడం మానేశాయి. సూరిబాబు ఉన్నాడు కనుక మళ్ళీ వస్తే వస్తాయి, లేకపోతే లేదు. విచిత్రం ఏమిటంటే నాకు బాధగా లేదు. చొక్కా లోపల ఏళ్ళ తరబడి కట్టుకున్న ఇనప పట్టీ ఏదో ఊడినట్టుంది. పడుకుంటే నిద్ర వస్తోంది. క్షమించారని కాదు. క్షమించాల్సినాయన లేరు, ఉన్నవాళ్ళు క్షమించలేదు. అయినా వస్తోంది. ఇది నాకు దక్కాల్సిందేనా అని ఒక్కోసారి అనిపిస్తుంది. జవాబు రాకముందే నిద్ర పట్టేస్తోంది.

కొండయ్య అన్న చోట్లన్నీ నేను తిరగలేను. తెలియని చోట్లు, పోయిన మనుషులు. ఆ మిగిలిన చోట్లకి బదులు ఇది రాస్తున్నాను. మీరు ఆ కారు చూసి ఉండరు, ఆయన్ని చూసి ఉండరు. అయినా వినండి.

తప్పు ఆయన కంటిది కాదు. గుర్తు నడిమధ్యన పడలేదు. పంటి కొసకి పడింది. నేను చూశాను.